సిమెంట్ ప్లాంటుకు క్లీనింగ్ యంత్రాలు: ముందు దుమ్మును తూచండి, తర్వాత కొటేషన్లు తెరవండి

మీరు అడిగింది ఇది: నల్గొండ వైపు రోజుకు 3,000 టన్నుల క్లింకర్ (కొలిమిలో కాలి వచ్చే, పొడి చేస్తే సిమెంటయ్యే పలుకులు) తీసే ప్లాంటు. హౌస్‌కీపింగ్ ఆడిట్‌లో మార్కులు తగ్గేసరికి మేనేజ్‌మెంట్ బడ్జెట్ ఇచ్చింది. ఇండెంట్‌లో (కొనుగోలు కోరే కాగితం) ఒక రైడ్-ఆన్ స్వీపర్ (మీద కూర్చుని నడిపే ఊడ్పు యంత్రం), మూడు హెవీ డ్యూటీ వాక్యూమ్‌లు, ఒక హై ప్రెషర్ జెట్ (నీళ్లు చిమ్మి కడిగే యంత్రం) రాశారు. మూడు కొటేషన్లు వచ్చాయి. మూడింట్లో అంకెలు వేరు, ధరల్లో రెట్టింపు తేడా. ఏది తీసుకోవాలి?

ఆ ఇండెంట్ మీద అయితే ఏదీ తీసుకోకండి. వాక్యూమ్‌లు మూడూ ఒకే రకం రాయడంలోనే చిక్కుంది. ప్యాకింగ్ ప్లాంటులో పడే సిమెంట్, ప్రీహీటర్ (ముడి పొడిని కొలిమికి ముందు వేడి చేసే టవర్) మీద పడే వేడి మెటీరియల్, కోల్ మిల్‌లో (బొగ్గును పొడి చేసే చోటు) పడే బొగ్గు పొడి, ఎంసీసీ (మోటార్ల కంట్రోల్ ప్యానెళ్లు ఉండే) గదిలో పేరుకునే సన్నటి దుమ్ము, ఇవి నాలుగు వేర్వేరు పనులు. ఒక యంత్రం రెండు పనులకు వస్తే అదృష్టం. నాలుగింటికీ వస్తుందని ఎవరైనా చెబితే ఆ కొటేషన్ పక్కన పెట్టండి. కోల్ మిల్‌కు మామూలు వాక్యూమ్ వాడటం ప్రాణాల మీదికి వచ్చే వ్యవహారం కాబట్టి దాని గురించి కింద విడిగా రాస్తాను.

కొనే ముందు ఒక వారం పాటు ఒక పని చేయించండి. ఎక్కడెక్కడ ఎత్తుతున్నారో, ఎన్ని బస్తాలు ఎత్తుతున్నారో షిఫ్టువారీగా రాయించండి, రోజుకు ఒకటి రెండు బస్తాలు తూకం వేయించండి. చాలా ప్లాంట్లలో ఈ లెక్క ఉండదు, "చాలా పడుతుంది సార్" అనే మాట మాత్రం ఉంటుంది. లెక్క చేతికొచ్చాక రెండు విషయాలు తేలతాయి. మొత్తంలో ఎక్కువ భాగం నాలుగైదు చోట్ల నుంచే వస్తుంది: బెల్టు టెయిల్ పుల్లీ (బెల్టు వెనక కొస చక్రం), ట్రాన్స్‌ఫర్ చూట్ (బెల్టు నుంచి బెల్టుకు సరుకు జారే దారి) కింద, ఎలివేటర్ బూట్ (ఎలివేటర్ అడుగు భాగం), ప్యాకర్ (బస్తాలు నింపే యంత్రం) కింద స్పిల్లేజ్ హాపర్ (ఒలికింది పట్టే తొట్టి) పొంగే చోటు. అక్కడ స్కర్ట్ రబ్బరు (బెల్టు అంచుల్లో సరుకు ఒలకకుండా ఆపే పట్టీ) మార్చి, స్క్రేపర్ బ్లేడు సరిచేసి, ఆ చోటి బ్యాగ్ ఫిల్టర్ డక్టు (దుమ్ము లాగే గొట్టం) తెరిపిస్తే యంత్రం సైజే ఒక మెట్టు తగ్గవచ్చు. అరిగిపోయిన స్కర్ట్ రబ్బరు పని వాక్యూమ్ చేత చేయించాలనుకుంటే రోజూ అదే కుప్ప, అదే కరెంటు బిల్లు.

రెండోది బరువు. సిమెంట్ వదులుగా ఉన్నప్పుడు ఘనమీటరుకు సుమారు 1,100 కిలోలు, అణిగితే 1,500 దాకా. క్లింకర్ 1,400 పరిసరాల్లో ఉంటుంది. ఫ్లై యాష్ (థర్మల్ ప్లాంటు బూడిద) 700 నుంచి 900, బొగ్గు పొడి 500 నుంచి 600. కొటేషన్‌లో "100 లీటర్ల కంటైనర్" అని చూసి మురిసిపోయేవాళ్లు అది సిమెంట్‌తో నిండితే 120 కిలోలని, దాన్ని ఇద్దరు మనుషులు జాలీ ప్లాట్‌ఫారం మీద తోసుకుంటూ పోవాలని ఆలోచించరు.

ఇక వాక్యూమ్ అంకెలు. కేటలాగులో రెండు ఉంటాయి. ఒకటి గాలి పరిమాణం, గంటకు ఇన్ని ఘనమీటర్లని. రెండోది చూషణ (లాగే బలం), ఇన్ని మిల్లీబార్లని. ఈ రెండూ ఒకేసారి దొరకవు. గాలి పరిమాణం గొట్టం ఏదీ తగిలించకుండా నోరు తెరిచి ఉంచినప్పటి అంకె. మిల్లీబార్లు నోరు పూర్తిగా మూసినప్పటి అంకె. మీ పని జరిగేది ఈ రెంటికీ మధ్యన. అందుకని వెండార్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ సైజు గొట్టం, ఇన్ని మీటర్ల పొడవు, ఇంత ఎత్తు తగిలించాక నాజిల్ దగ్గర గాలి ఎంత? బ్లోయర్ (గాలి లాగే పంపు) కర్వ్, అంటే ఎంత చూషణ దగ్గర ఎంత గాలి వస్తుందో చూపే గ్రాఫ్, ఇచ్చి, దాని మీద ఆ బిందువు గుర్తు పెట్టి సంతకం చేయమనండి. చేయలేని వాడితో బేరం అనవసరం.

ఎంత గాలి కావాలో మీరే లెక్కేసుకోవచ్చు. సిమెంట్, క్లింకర్ డస్ట్ లాంటి బరువైన సరుకు గొట్టంలో కింద కూర్చోకుండా పోవాలంటే గాలి వేగం సెకనుకు 20 నుంచి 25 మీటర్లు ఉండాలి. క్లింకర్ పలుకులుంటే 25కు తగ్గనివ్వకండి. 25 మీటర్ల వేగానికి 38 మి.మీ. గొట్టానికి గంటకు సుమారు 100 ఘనమీటర్లు చాలు. 50 మి.మీ.కు 177, 76 మి.మీ.కు 410, 100 మి.మీ.కు 700 పైచిలుకు కావాలి. గొట్టం వ్యాసం రెట్టింపయితే గాలి నాలుగు రెట్లు అడుగుతుంది. ఇది గమనించకుండా ప్లాంట్లలో చేసే పని ఒకటుంది. చిన్న యంత్రం కొంటారు, తరువాత ఎవరో స్టోర్స్‌లో పడి ఉన్న 100 మి.మీ. పైపు తెచ్చి "పెద్ద పైపు పెడితే ఎక్కువ లాగుతుంది" అని తగిలిస్తారు. గంటకు 177 ఘనమీటర్ల గాలి 100 మి.మీ. పైపులో సెకనుకు ఆరు మీటర్ల చిల్లర వేగంతో పోతుంది. మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది. ఆ తరువాత పైపు అడుగున సిమెంట్ పరుచుకుంటుంది, మొదటి బెండు దగ్గర మూసుకుపోతుంది. వాన కాలమైతే రాయై కూర్చుంటుంది.

చూషణ ఎంత కావాలన్నది గొట్టం పొడవును బట్టి. 25 మీటర్ల వేగం దగ్గర ముడతల 50 మి.మీ. గొట్టం ఉత్త గాలికే మీటరుకు మూడు, నాలుగు మిల్లీబార్లు తినేస్తుంది. 20 మీటర్ల గొట్టమంటే 60 నుంచి 80. దాని మీద సరుకు బరువు, ఎత్తు, నాజిల్ నష్టం, ఫిల్టర్ నష్టం కలిపితే 150 నుంచి 200 మిల్లీబార్లు ఎక్కడికీ పోవు. లోపల నున్నగా ఉండే పీయూ (పాలీయురెథేన్) గొట్టం తీసుకుంటే నష్టం సగం దాకా తగ్గుతుంది. ధర ఎక్కువైనా ఇక్కడ పిసినారితనం వద్దు. అవసరానికి మించి గొట్టం తగిలించవద్దని కూడా ఆపరేటర్లకు చెప్పండి. 30 మీటర్లు తగిలించి 20 మీటర్లు చుట్ట చుట్టి పక్కన పడేసి పని చేస్తూ "లాగడం లేదు" అంటుంటారు.

ఈ లెక్కతో బ్లోయర్ రకం దానంతటదే తేలుతుంది. సింగిల్ ఫేజ్ మీద నడిచే, పైన రెండు మూడు చిన్న మోటార్లున్న యంత్రాలు 200 మిల్లీబార్లకు పైనే చూపిస్తాయి. కానీ వాటిలో కార్బన్ బ్రష్‌ల (మోటారు తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) ఆయుష్షు 600 నుంచి 1,000 గంటలు. రెండు షిఫ్టులు నడిపితే ఒకటి, రెండు నెలలు. ఆఫీసుకు, ల్యాబ్‌కు సరిపోతాయి, ప్లాంటుకు పనికిరావు. త్రీ ఫేజ్ సైడ్ చానల్ బ్లోయర్‌కు (రెక్కల చక్రం తిరిగి గాలి నెట్టే రకం) బ్రష్‌లు, బెల్టు ఉండవు. 250, 300 మిల్లీబార్ల దాకా నిరంతరం నడుస్తుంది. 20, 25 మీటర్ల గొట్టంతో ఒక మనిషి చేసే పనికి ఇదే సరైనది. దాని బలహీనత ఒకటి: రోటర్‌కు, కేసింగ్‌కు మధ్య సందు చాలా సన్నం. ఫిల్టర్ చిరిగి సిమెంట్ లోపలికి పోతే రోటర్ పట్టేస్తుంది, రిపేరు దాదాపు కొత్త బ్లోయర్ ఖరీదు. గొట్టం పూర్తిగా మూసుకుపోయినా లోపల గాలి కదలక వేడెక్కుతుంది, కాబట్టి వాక్యూమ్ రిలీఫ్ వాల్వ్ (మూసుకుపోతే బయటి గాలిని లోపలికి వదిలేది) లేని యంత్రం తీసుకోవద్దు. గొట్టం 40, 50 మీటర్లు దాటినా, ఎత్తు మీదికి లాగాలన్నా, గంటకు టన్నుల్లో పని ఉన్నా రూట్స్ బ్లోయర్ (రెండు రోటర్లు కలిసి తిరిగి గాలి నెట్టే రకం) కావాలి. అది 500 మిల్లీబార్ల దాకా లాగుతుంది, గొట్టంలో అడ్డం పెరిగినా గాలి పెద్దగా తగ్గదు. బదులుగా బెల్టులు, గేర్ ఆయిల్, సైలెన్సర్, పెద్ద చప్పుడు మీ నెత్తిన పడతాయి.

గంటకు ఎంత సరుకు ఎత్తుతుందనే అంకెను బ్రోచర్ చూసి నమ్మకండి. గాలి బరువుకు మూడు నుంచి ఐదు రెట్ల సరుకు పోతుందని అనుకుంటే 50 మి.మీ. గొట్టంలో గంటకు 600 నుంచి 1,000 కిలోలు. కుప్పలో నాజిల్ గుచ్చి ఉంచితేనే అది. నేల మీద పలుచగా పరుచుకున్న దుమ్మును లాగేటప్పుడు అందులో సగం వచ్చినా మంచి ఆపరేటరే.

ఫిల్టర్ దగ్గరే చవక యంత్రం బండారం బయటపడుతుంది. సిమెంట్, ఫ్లై యాష్ లాంటి సన్నటి పొడికి ఫిల్టర్ గుడ్డ గుండా గాలి వేగం నిమిషానికి ఒక మీటరు, మహా అయితే 1.2 మీటర్లు ఉండాలి. గంటకు 700 ఘనమీటర్లంటే నిమిషానికి 11.7. అంటే 10 నుంచి 12 చదరపు మీటర్ల ఫిల్టర్ కావాలి. 400 ఘనమీటర్ల యంత్రానికి ఆరు. మీ దగ్గరున్న కొటేషన్లలో ఫిల్టర్ వైశాల్యం రాశారేమో చూడండి. రెండున్నర, మూడు చదరపు మీటర్లు ఉంటే ఆ యంత్రం డెమోలో అరగంట అద్భుతంగా పనిచేసి, రెండో గంట నుంచి నీరసిస్తుంది. అసలు రాయకపోతే దాచారని అర్థం.

దుమ్ము దులిపే ఏర్పాటు కూడా చూడాలి. చేత్తో ఊపే షేకర్ ఉంటే ప్రతి అరగంటకూ యంత్రం ఆపి ఊపాలి, మన దగ్గర ఎవరూ ఊపరు. పల్స్ జెట్ (గాలి దెబ్బలతో ఫిల్టర్ దులిపేది) ఉంటే పని ఆగకుండా దానంతటదే దులుపుకుంటుంది. దానికి 5, 6 బార్ల పొడి గాలి కావాలి. ప్లాంట్ ఎయిర్ లైన్లో నీళ్లొస్తే, ముఖ్యంగా జులై నుంచి సెప్టెంబరు దాకా, ఆ నీళ్లు లోపలి నుంచి ఫిల్టర్‌ను తడిపి సిమెంట్‌ను పెచ్చు కట్టిస్తాయి. అప్పుడు ఎన్ని పల్స్‌లు కొట్టినా రాలదు. ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ (పరికరాల కోసం ఆరబెట్టిన గాలి) దొరికే చోట అదే ఇవ్వండి, లేకపోతే ఇన్‌లెట్‌లో మాయిశ్చర్ సెపరేటర్ పెట్టించి షిఫ్టుకోసారి డ్రెయిన్ చేయించండి. ఫిల్టర్‌కు ముందు సైక్లోన్ ప్రీ సెపరేటర్ (గాలిని సుడి తిప్పి సరుకును కిందికి దింపే గరాటు) ఉంటే సరుకులో చాలా భాగం అక్కడే దిగిపోతుంది, ఫిల్టర్ ఆయుష్షు బాగా పెరుగుతుంది. క్లింకర్ పలుకులున్న చోట అది తప్పనిసరి, లేకపోతే పలుకులు నేరుగా ఫిల్టర్ గుడ్డను కొడతాయి.

ఫిల్టర్ క్లాసు మాట. మామూలు సిమెంట్ పనికి ఎం క్లాస్ చాలు, అది వెయ్యిలో ఒక వంతు కంటే తక్కువ దుమ్మును వదులుతుంది. స్ఫటిక సిలికా ఉండే క్రషర్, ఇసుకరాయి, ఫ్లై యాష్ ప్రాంతాలకు, ఎలక్ట్రికల్ గదులకు హెచ్ క్లాస్ (ఇంకా తక్కువ వదిలేది) తీసుకోండి. హెచ్ క్లాస్ ఫిల్టర్ ఎప్పుడూ రెండో దశగానే ఉండాలి. దాన్నే మొదటి ఫిల్టర్‌గా పెడితే ఒక్క షిఫ్టులో మూసుకుపోతుంది.

ఎత్తిన సరుకు ఎక్కడికి పోతుందో యంత్రం ఎంచుకునే ముందే నిర్ణయించాలి. ప్యాకింగ్ ప్లాంటుకు నా ఓటు: 11 లేదా 15 కిలోవాట్ల యంత్రం, పైన సైక్లోన్, కింద నేరుగా జంబో బ్యాగ్. బ్యాగ్ టన్ను నిండగానే ఫోర్క్‌లిఫ్ట్ తీసుకుపోతుంది. కంటైనర్లు తోసే పని ఉండదు. ఇంకా మంచిది, కింద రోటరీ ఎయిర్‌లాక్ (గాలి పోకుండా సరుకు వదిలే తిరుగుడు వాల్వ్) పెట్టి స్పిల్లేజ్ స్క్రూ కన్వేయర్‌లోకి వదలడం. అయితే నేల మీది సిమెంట్‌లో బస్తా ముక్కలు, దారాలు, చెక్క పేళ్లు ఉంటాయి. వైబ్రేటింగ్ స్క్రీన్ దాటకుండా అది సైలోలోకి పోకూడదు. గట్టిపడిన, తేమ తగిలిన సిమెంట్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ప్యాకర్ వైపు తిప్పకండి.

ప్రీహీటర్ వేరే కథ. అక్కడ ఒక్కో ఫ్లోర్‌లో పడేది రోజుకు కొన్ని బస్తాలే కావచ్చు. కానీ ఆ బస్తాలు వంద మీటర్ల ఎత్తు నుంచి మనుషులు కిందికి దింపాలి. చక్రాల యంత్రాన్ని లిఫ్ట్‌లో ఫ్లోర్ ఫ్లోర్‌కూ తిప్పడం కాగితం మీద బాగుంటుంది. లిఫ్ట్ ఖాళీ దొరకదు, యంత్రం ఏదో ఒక ఫ్లోర్‌లో తుప్పు పడుతుంది. స్థిరమైన పైపులైను వేయించండి: కింద రూట్స్ బ్లోయర్ యూనిట్, పైకి 76 మి.మీ. మెయిన్ లైన్, ప్రతి ఫ్లోర్‌కూ రెండు మూతల పాయింట్లు, 50 మి.మీ. గొట్టాలు. బెండ్లు లాంగ్ రేడియస్ ఉండాలి, వ్యాసానికి ఎనిమిది పది రెట్లు, బయటి వంపు మందమైన గోడతో. ఆ లైనులో వేగం నిలవాలంటే రెండు గొట్టాలు ఒకేసారి తెరిచి పని చేయాలి. ఒక్కటే తెరిస్తే మెయిన్ లైన్‌లో వేగం పడిపోతుంది, నాలుగు తెరిస్తే ఏ గొట్టంలోనూ చాలదు. ఏ ఫ్లోర్‌లో ఎన్ని మూతలు తెరవాలో పాయింట్ దగ్గరే పెయింట్‌తో రాయించండి.

వేడి గురించి తప్పకుండా అడగాలి. పీయూ గొట్టం 90 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మామూలు పాలిస్టర్ ఫిల్టర్ 130 డిగ్రీలకు మించి నిరంతరం ఓర్వదు. నోమెక్స్ (వేడికి ఓర్చే గుడ్డ) అయితే 200 దాకా. పైకి చల్లగా కనిపించే కుప్ప మధ్యలో వేడి గంటల తరబడి ఉంటుంది, అందుకని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పైపొర చూసి సరే అనుకోకండి. పారతో కుప్ప చీల్చి లోపల చూడాలి. 80 డిగ్రీలు దాటితే ఆగడం, లేదా లోహపు గొట్టం, లోహపు సైక్లోన్ ఉన్న యంత్రం. ప్రీహీటర్ సొంత సైక్లోన్ (వాక్యూమ్‌ది కాదు) జామ్ తీసేటప్పుడు దూకే వేడి మెటీరియల్ దగ్గరికి వాక్యూమ్ తీసుకుపోవడం గురించి ఆలోచించను కూడా వద్దు. అది క్లీనింగ్ పని కాదు, ప్రాసెస్ వాళ్ల పర్మిట్ పని.

ఇప్పుడు కోల్ మిల్. పొర ఎంత మందముంటే ప్రమాదమో ఈ లెక్క చూడండి. 0.8 మి.మీ. మందం పొర, అంటే కింది రంగు కనిపించకుండా కప్పేసేంత. బొగ్గు పొడి సాంద్రత 500 అనుకుంటే చదరపు మీటరుకు 400 గ్రాములు. నాలుగు మీటర్ల ఎత్తు గదిలో అది మొత్తం గాలిలోకి లేస్తే ఘనమీటరుకు 100 గ్రాములు. బిటుమినస్ బొగ్గు పొడి పేలడానికి కావాల్సిన కనీస సాంద్రత 60 గ్రాముల పరిసరాల్లోనే ఉంటుంది. ఎక్కడో చిన్న పేలుడు జరిగి బీముల మీది ఈ పొరను లేపితే రెండో పేలుడు బిల్డింగ్‌ను పడగొడుతుంది. కాబట్టి కోల్ మిల్‌లో నేల కంటే బీములు, కేబుల్ ట్రేలు, డక్టుల పైభాగాలు ముఖ్యం.

అక్కడికి కొనే యంత్రానికి మోటారు ఒక్కటి ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి మంట బయటికి పాకనిది) అయితే సరిపోదు. యంత్రం మొత్తానికి డస్ట్ జోన్‌కు (మండే దుమ్ము ఉండే ప్రాంతం) తగిన సర్టిఫికెట్ ఉండాలి, ఏ జోన్ అన్నది మీ ఏరియా క్లాసిఫికేషన్ డ్రాయింగ్ చెబుతుంది, సాధారణంగా 21 లేదా 22. గ్యాస్ జోన్ సర్టిఫికెట్ చూపించి సరిపెట్టే వాళ్లుంటారు. డస్ట్‌కు అది చెల్లదు. గొట్టం, నాజిల్, ఫిల్టర్, కంటైనర్, చక్రాలు అన్నీ విద్యుత్తు పారేవై ఉండాలి. నాజిల్ కొస నుంచి యంత్రం ఎర్త్ దాకా మెగ్గర్ (విద్యుత్ నిరోధం కొలిచే మీటరు) పెట్టి చూస్తే పది లక్షల ఓమ్‌ల లోపు రావాలి. ఇది కొన్న రోజు ఒక్కసారే కాదు, నెలకోసారి. గొట్టంలోని రాగి తీగ కొసలో తెగిపోయి, ఎవరో గొట్టం కోసి మళ్లీ క్లాంప్ వేసేటప్పుడు తీగ కలపడం మరిచిపోయి, యంత్రం లోపలే స్పార్క్ పుట్టే పరిస్థితి తెచ్చుకుంటారు. తెగిన గొట్టానికి ఇన్సులేషన్ టేపు చుట్టడం కోల్ మిల్‌లో నేరంగానే చూడండి.

రాజుకున్న బొగ్గు ఎత్తకూడదు. పేరుకున్న పొర గాలిలోని పొడి కంటే చాలా తక్కువ వేడికే రాజుకుంటుంది, పైకి పొగ కూడా సరిగ్గా కనిపించదు. దాన్ని లాగితే ఫిల్టర్‌లో ఆక్సిజన్ బాగా దొరికి మంటవుతుంది. కంటైనర్‌లో బొగ్గు షిఫ్టు చివర మిగలకూడదు, ఖాళీ చేసి లోపల చేయి పెట్టి చూసి సంతకం పెట్టాలి. ఈ యంత్రాన్ని సిమెంట్ పనికి, సిమెంట్ యంత్రాన్ని ఇక్కడికి తేకూడదు. వేరే రంగు వేయించి, గొలుసు కట్టించండి. ఇక కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊదడం కోల్ మిల్‌లో అసలే వద్దు, ప్లాంటులో మిగతా చోట్ల కూడా దాదాపు అంతే. 7 బార్ల దగ్గర 6 మి.మీ. నాజిల్ 80, 90 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి తాగుతుంది. కంప్రెసర్ వైపు అది 15 కిలోవాట్ల దాకా. ఆ కరెంటు పోసి మీరు చేసేది దుమ్మును కింది నుంచి బీము మీదికి మార్చడం.

ఎలక్ట్రికల్ గదులకు పెద్ద యంత్రం అవసరం లేదు. చిన్న హెచ్ క్లాస్ వాక్యూమ్, విద్యుత్తు పారని నాజిల్, మెత్తని యాంటీస్టాటిక్ బ్రష్. ప్యానెల్ ఐసొలేట్ చేసి, సప్లై లేదని టెస్ట్ చేశాకే. దుమ్ము లోపలికి వచ్చే కేబుల్ రంధ్రాలను సీల్ చేయకపోతే మూడు నెలలకు మళ్లీ అదే సీను.

స్వీపర్ విషయంలో చేసే పొరపాటు వెడల్పు చూసి కొనడం. మీకు రోడ్లు రెండు కిలోమీటర్లు, ఏడు మీటర్ల వెడల్పు అనుకుందాం, 14,000 చదరపు మీటర్లు. 1.2 మీటర్ల రైడ్-ఆన్ గంటకు 6 కిలోమీటర్ల వేగంతో కాగితం మీద 7,200 చదరపు మీటర్లు ఊడుస్తుంది. మలుపులు, ఓవర్‌ల్యాప్, డంపింగ్ తీసేస్తే 60 శాతం, 4,300. మూడు గంటల పైనే. ఇది కాదు సమస్య. రోడ్డు మీద చదరపు మీటరుకు 100 గ్రాములే ఉందనుకున్నా మొత్తం 1,400 కిలోలు. 150 లీటర్ల హాపర్ నిజంగా నిండేది 70 శాతం, అంటే 120, 125 కిలోలు. పదకొండు, పన్నెండు డంపులు. హాపర్‌ను చేత్తో లాగి ఖాళీ చేసే మోడల్ అయితే ఆపరేటర్ మూడో రోజు నుంచి సగం నిండకుండానే ఎక్కడో పక్కన కుమ్మరించడం మొదలు పెడతాడు. కాబట్టి హైడ్రాలిక్ హై డంప్ (హాపర్‌ను తానే పైకెత్తి కుమ్మరించే మోడల్), అదీ హాపర్ లిఫ్ట్ బరువు ప్లేటు మీద రాసింది చూసి. లీటర్లు ఎక్కువ, ఎత్తే బరువు తక్కువ ఉన్న మోడళ్లున్నాయి. చెత్త, ఆకులకు తయారైన హాపర్‌లో సిమెంట్ పోస్తే సిలిండర్ లేవదు.

బ్రష్ పాలీప్రొపిలీన్, స్టీల్ కలిసినది తీసుకోండి. ప్లాస్టిక్ బ్రష్ ఒక్కటే అయితే అతుక్కున్న పెచ్చును కదపలేదు. పక్క బ్రష్‌లు దుమ్ము లేపుతాయి, వాటికి స్కర్ట్, చూషణ ఉన్న మోడల్ చూడండి. ప్యాకింగ్ దగ్గర బస్తా దారాలు, పట్టీలు బ్రష్ షాఫ్ట్‌కు చుట్టుకుని బేరింగ్ సీలులోకి దూరతాయి, షిఫ్టు చివర కత్తి పెట్టి కోయించడం డ్యూటీ లిస్టులో రాయండి. టైర్లు సాలిడ్ ఉండాలి, క్లింకర్ పలుకులు గాలి టైర్లను బతకనివ్వవు. నీళ్లు చల్లి ఊడ్చే లారీ స్వీపర్ మెయిన్ గేట్ నుంచి కాలనీ దాకా, లైమ్‌స్టోన్ రోడ్డుకు బాగుంటుంది. లోడింగ్ బే దగ్గర వద్దు. తడిసిన సిమెంట్ డక్టులో, హాపర్ మూలల్లో ఆ రోజే గట్టిపడుతుంది, తరువాత ఉలి సుత్తే గతి. ఈ లారీ స్వీపర్‌ను కొనడం కంటే గంటల లెక్కన కాంట్రాక్టుకు తీసుకోవడం మేలు.

జెట్ గురించి రెండు ముక్కలు. సిమెంట్ పడే చోట నీళ్లు వద్దు. డ్రెయిన్ మూసుకుపోతుంది, తడి సిమెంట్ క్షారం చర్మాన్ని కాలుస్తుంది. జెట్ పని వర్క్‌షాప్, గేర్‌బాక్స్ చుట్టూ గ్రీజు, మైన్స్ వాహనాలు. గ్రీజుకు బార్లు కాదు, వేడి ముఖ్యం. 80, 90 డిగ్రీల నీళ్లిచ్చే 200 బార్, నిమిషానికి 15 లీటర్ల యంత్రం 500 బార్ చల్లని యంత్రం కంటే బాగా శుభ్రం చేస్తుంది. మోటారు సరిచూసుకోవడానికి బార్లను నిమిషానికి లీటర్లతో గుణించి 600తో భాగించండి. 200కు, 15కు 5 కిలోవాట్లు, నష్టాలు కలిపి 6. అంతకంటే తక్కువ మోటారు రాసి అదే అంకెలు చెబితే ఏదో ఒకటి అబద్ధం. నల్గొండ బోరు నీళ్ల గట్టిదనానికి హీటింగ్ కాయిల్ త్వరగా సున్నం పట్టేస్తుంది, సాఫ్ట్‌నర్ నీళ్లు ఇవ్వండి. నాజిల్ ముందు చేయి పెట్టి పరీక్షించడం మాన్పించండి. ఆ పీడనంలో నీళ్లు చర్మం లోపలికి దూరతాయి, పైకి చిన్న చుక్కలా కనిపించినా అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం.

బంకర్లు, హాపర్ల లోపల పని ఉంటే మోటారు బయట, గొట్టం లోపల. లోపలికి పోయే లైటు 24 వోల్టులకు మించకూడదని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36ఏ సెక్షన్ చెప్పిన సంగతి మీ సేఫ్టీ వాళ్లకు తెలిసే ఉంటుంది. గోడకు వేలాడే సరుకు కింద మనిషిని పెట్టి కింది నుంచి వాక్యూమ్ చేయించకండి. కింద ఖాళీ అయిన కొద్దీ పైది కూలుతుంది.

డెమో మీ షరతుల మీద జరగాలి. షోరూం మైదా పిండితో కాదు, మీ ప్యాకర్ కింది సిమెంట్‌తో. తూచిన 200 కిలోలు, 20 మీటర్ల గొట్టం, ఐదు మీటర్ల ఎత్తు. మొదటి 100 కిలోలకు పట్టిన సమయం రాయండి. తరువాత గంట సేపు మామూలు పని చేయించి, రెండో 100 కిలోలకు సమయం రాయండి. రెండో సమయం మొదటి దాని కంటే పావు వంతుకు మించి పెరిగితే ఫిల్టర్ చాలదని తేలిపోయింది. ఎగ్జాస్ట్ ముందు నల్లగుడ్డ పట్టుకోండి, ఐదు నిమిషాల్లో తెల్లబడితే ఫిల్టర్ సీటింగ్ గాస్కెట్ లీకు. చివర ఫిల్టర్ బయటికి తీయించండి. దానికి ఎన్ని బోల్టులు విప్పాల్సి వచ్చిందో చూడండి. నాలుగు క్లిప్పులైతే మీ వాళ్లు నెలనెలా తీసి చూస్తారు, పదహారు బోల్టులైతే యంత్రం ఆగేదాకా ముట్టరు.

ఆర్డర్‌లో యంత్రంతో పాటు ఫిల్టర్ సెట్లు రెండు, గొట్టం అదనంగా 20 మీటర్లు, నాజిల్‌లు, గాస్కెట్లు రాయండి. మోటారు ఐపీ 55 (దుమ్ము, నీటి జల్లు తట్టుకునే రక్షణ గ్రేడు), ఎత్తడానికి లిఫ్టింగ్ లగ్‌లు, మీ సైట్‌లో ఉన్న సాకెట్‌కు సరిపోయే ప్లగ్. ఈ చివరిది చిన్నదే, కానీ ప్లగ్ కుదరక నెల రోజులు ప్యాకింగ్‌లోనే ఉండిపోయే యంత్రాలు ప్రతి ప్లాంటులో ఉంటాయి. వెండార్ సర్వీస్ ఇంజనీర్ హైదరాబాద్ నుంచి వస్తాడా, పుణే నుంచి రావాలా అన్నదీ అడగండి.

బడ్జెట్ ఒకేసారి ఖర్చు పెట్టక తప్పకపోతే నా వరుస ఇది: మొదట కోల్ మిల్ యంత్రం, ఎందుకంటే అది ఆడిట్ మార్కుల కోసం కాదు. తరువాత ప్యాకింగ్‌కు జంబో బ్యాగ్ యంత్రం. మూడోది మిల్లులకు, బెల్టులకు తిరిగే 7.5 కిలోవాట్ల సైడ్ చానల్ యంత్రం. ఎంసీసీకి చిన్నది. స్వీపర్ ఆ తరువాత. ప్రీహీటర్ లైన్ వచ్చే షట్‌డౌన్‌లో. జెట్ మిగిలిన డబ్బుతో.

ఏ కొటేషన్ నిలుస్తుందో చెప్పాలంటే నాకు ఇంకో మూడు కావాలి: వారం తూకం లెక్క, ప్యాకింగ్ ప్లాంటులో సాకెట్ నుంచి అతి దూరపు మూలకు ఉన్న దూరం, మూడు యంత్రాల ఫిల్టర్ చదరపు మీటర్లు. అవి ఇక్కడ రాయండి.